నాంచారి పర్ర

ఫోన్‌లో నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు గేటు దాకా వచ్చారు. ఎవరో పోయారనుకున్నారట. పోయిన మాట నిజమే, కాని ఆ ఏడుపు అంతకుముందే అయిపోయింది. ఆ పొద్దు నేను అరిచినవి తిట్లు. మా అన్న కొడుకు శ్రీను ఊరి నుంచి మానుకోటలో ఉన్న నాకు ఫోన్ చేసి, "అత్తా, అమ్మ బొక్కలు సముద్రంల కలుపుదామనుకుంటున్న. అమ్మ పుట్టిన కాడనే. కారు మాట్లాడిన, నువ్వు సుత రా" అన్నాడు. "సముద్రంల గాదు, నీ నెత్తి మీద కలుపుకో" అన్నాను. దాచుకునేదేముంది, అలాగే అన్నాను. కోపమొస్తే నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. మా బాపు ఆస్తిలో పొలం మగవాళ్ళకు పోయింది, ఇది నా వంతుకు వచ్చింది.

పాపం, వాడికేమీ తెలియదు. వాడి తల్లి, మా వదినె నాంచారమ్మ, మా ఇంట్లో అడుగుపెట్టింది మొదలు కన్నుమూసేదాకా పుట్టిన ఊరి ముఖం చూడలేదని తెలుసు. ఎందుకు చూడలేదో తెలియదు, చెప్పడానికి మా అన్న కూడా ఇప్పుడు లేడు. ఫోన్ పట్టుకున్న వాడి చేతికి అప్పటికే కట్టు ఉంది. మా చిన్నబాపు కొడుకు మల్లేశం తాలూకు మనుషులు విసిరిన రాయి దెబ్బ అది. తల్లి మంచంలో ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే వీడు చెరువు దగ్గర మల్లేశంతో కొట్లాడి వచ్చాడు. దేనికోసమయ్యా అంటే, మా బాపూ చిన్నబాపూ ఏ మట్టి కోసం తలకాయలు పగలగొట్టుకున్నారో అదే మట్టి కోసం. ఆ మట్టి కొట్లాటను ఆపిన మనిషి చితి చల్లారకముందే ఆమెను తీసుకుపోయి సముద్రంలో పారబోసి వస్తాడట! అందుకే అరిచాను. ఇప్పుడు రాస్తున్నదీ అందుకే.

మా ఊరు తొర్రూరుకూ మరిపెడకూ నడుమ, రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎంతదాకా వస్తాయో అంతదాకే పట్టా భూములు, అక్కడే హద్దురాళ్ళు. ఆ రాళ్ళకు లోపలిదంతా శిఖం. వానాకాలం నీళ్ళ కింద ఉంటుంది, ఎండాకాలం నీళ్ళు దిగుతుంటే నల్లగా, మెత్తగా బయటపడుతుంది. అది ఎవరి పేరనా ఉండదు, సర్కారుది. కాని ఊరికి ఒక వాడుక ఉంది. ఎవరి హద్దురాయి ముందర నీళ్ళు దిగితే వాళ్ళు ఆ రాయి నుంచి నీళ్ళ దాకా తిన్నగా నాగలి సాలు కొట్టుకుంటూ పోవచ్చు. నీళ్ళు ఇంకాస్త వెనక్కి పోతే సాలు ఇంకాస్త ముందుకు పోతుంది. ఎరువు అక్కరలేదు, నీరు పెట్టనక్కరలేదు. నువ్వులు చల్లినా, దోస పెట్టినా ఆ మట్టి తనంతట తానే సాకుతుంది. చెరువు అంచు తిన్నగా ఉన్నచోట ఏ పేచీ లేదు. మా పొలాల దగ్గర మాత్రం చెరువు మోచెయ్యి మడిచినట్టు లోపలికి చొచ్చుకుని ఉంటుంది. వంపుకు ఈ పక్క మా బాపు రాయి, ఆ పక్క ఆయన తమ్ముడు చిన్నబాపు రాయి. ఇద్దరూ తిన్నగా సాలు కొడితే కొంతదూరం పోయాక రెండు సాళ్ళూ ఒకదాన్నొకటి కోసుకునేవి. అక్కడి నుంచి నీళ్ళ దాకా ఒక మూడుమూలల ముక్క. బాపు సాలు ప్రకారం అది బాపుది, చిన్నబాపు సాలు ప్రకారం చిన్నబాపుది.

ఇద్దరూ కాస్త కాస్త సాలు వంచుకుంటే తీరిపోయేది. అంత చిన్నపిల్లను, నాకే తోచింది. ఒకనాడు అంబలి తాగుతున్న బాపుతో అన్నాను కూడా. "సాలు వంచుతడా మొగోడు?" అని నా వీపు మీద చరిచిన చరుపుకు నోట్లో అంబలి ముక్కులోంచి వచ్చింది. వంకర సాలు కొట్టినవాడిని మా దగ్గర పదిమందిలో నిలబెట్టి నవ్వుతారు. ఆ నవ్వు పడేకంటే తల పగలడం నయమనుకునే మనుషులు వీళ్ళు. చిన్నబాపు చెడ్డవాడు కాదు. తొర్రూరు అంగడి నుంచి వస్తూ నాకు పుట్నాలు, బెల్లం తేకుండా ఉండేవాడు కాదు. వానాకాలమంతా అన్నదమ్ములు ఒకే కచ్చురం బండిలో పోయేవారు, ఒకరి ఎడ్లను ఇంకొకరు కట్టుకునేవారు. శివరాత్రి దాటి నీళ్ళు దిగడం మొదలైతే మాటలు దిగేవి. హద్దురాళ్ళు బయటపడే వేళకు ఇద్దరి మధ్యా దగ్గు తప్ప మాట ఉండేది కాదు.

బాపు పొద్దున్నే వేపపుల్ల నములుకుంటూ ఎడ్లకు కుడితి పెట్టేవాడు. ఆ తరువాత తలుపు మూలన ఉన్న ముల్లుగర్రను తీసి ఆముదం రాసేవాడు. ఎడ్ల కోసమే కాదు అది. ఎద్దు మొరాయించినా, అన్న ఆలస్యంగా లేచినా, గటక మాడినా అదే గర్ర. మా ఇంటి వాసన అంటే నాకు ఇప్పటికీ ఆముదమూ, పిడకల పొగా, మాడిన జొన్నగటకా కలిసిన వాసనే. అవ్వ, అంటే మా అమ్మ, కొట్టించుకునేది, నోరు విప్పేది కాదు. తరువాత గటక గెలికే తెడ్డుతో కుండను కొట్టే చప్పుడు మాత్రం వాడకట్టంతా వినబడేది. కుండలు మా ఇంట్లో ఎక్కువగానే పగిలేవి.

అన్న ఆ గర్రకు విసిగే లారీ ఎక్కాడు. వరంగల్ నుంచి మిరప బస్తాలు సముద్రం వైపు తీసుకుపోవడం, వచ్చేటప్పుడు ఉప్పూ ఎండుచేపలూ వేసుకురావడం. ఒక ట్రిప్పులో ఉప్పు బస్తాలతోపాటు పెళ్ళాన్ని కూడా దింపాడు. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏ కులమో, ఏ ఊరో, ఎండుశాపల కంపు గొడ్తాంది" అంది. బాపు లోపలికి పోయి గర్ర తెచ్చి వాకిట్లోనే అన్న తొడల మీద వాయించడం మొదలుపెట్టాడు. అన్న కదలకుండా నిలబడ్డాడు. చేతిలో రేకుపెట్టెతో లారీ పక్కన నిలబడ్డ ఆ పిల్ల చూసి చూసి, "ఏంటండీ, మీ ఊళ్ళో పెళ్ళికొడుక్కి మర్యాద ఇట్టా చేస్తారా?" అంది గట్టిగా. చుట్టూ మూగినవాళ్ళు ఫక్కున నవ్వారు. బాపు గర్ర దించాడు.

ఆ రోజు మొదలు ఊరు ఆమె మాటను పట్టుకుంది. బాయి కాడికి పోతే "ఏంటండీ", పిండిగిర్నీకి పోతే "ఏంటండీ". సినిమాల్లో మా మాటను వెక్కిరించిన కోపమంతా మావాళ్ళు ఆ ఒక్కదాని మీద తీర్చుకున్నారు. అవ్వ పేరు పెట్టి పిలిచేది కాదు, "సముద్రపుది" అనేది. నాకు మాత్రం ఆమె వెనక తిరగడమే పని. చెరువులో బట్టలు ఉతికే బండ దగ్గర ఒక పూట నన్ను అడిగింది. "పిల్లా, నీళ్ళ పక్క నేలను మీరేమంటారు?"

"శిఖం."

"అదీ?"

"కట్ట."

"ఇక్కడ, మన కాళ్ళ కిందదీ?"

"ఒడ్డు. గంతే. ఇంకేం గావాలె?"

ఆమె పడీపడీ నవ్వింది. "ఇంత నీళ్ళు పెట్టుకుని ఈ కాసిని మాటలతో ఎట్టా బతుకుతున్నారే?" అని తడిమట్టిలో కాలి బొటనవేలితో గీసి చూపించింది. ఊరికీ నీళ్ళకూ మధ్య కరకట్ట. కరకట్ట దాటితే పర్ర. "తెల్లగా ఉప్పు తేలుద్ది. గొడ్డు కూడా నోరు పెట్టదు. పోటుకి మునుగుద్ది, పాటుకి తేలుద్ది." పర్ర పక్కన మడ, అక్కడ చెట్ల వేళ్ళు బురదలోంచి పైకి లేచి గాలి పీలుస్తాయి. ఏరు సముద్రంలో పడే చోటు మొగ. నేను నోరు తెరుచుకుని విన్నాను. "పర్ర ఎవలది?" అన్నాను, మా ఇంటి పిల్లను కదా, ఆ ప్రశ్నే వస్తుంది. "ఎవరిదీ కాదు. నీళ్ళది. పర్ర కోసం ఎవడు కొట్టుకుంటాడే?" అంది. "మరి నీళ్ళ నడుమ నేల లేస్తే?" అన్నాను. ఆమె బొటనవేలు ఆగిపోయింది. "దాన్ని తిప్ప అంటారు" అని, బట్ట తీసుకుని బండకేసి బాదడం మొదలుపెట్టింది. ఆ బాదుడుకు బాపు ధోతి అంచు చినిగింది. తిప్ప గురించి మళ్ళీ అడగాలంటే నాకు భయమేసింది.

ఆ ఎండాకాలం చెరువు ఎన్నడూ లేనంత దిగింది. మూడుమూలల ముక్క కూడా ఎన్నడూ లేనంత పెరిగింది. బాపు అందులో దోస పెట్టాడు. తీగలు సాగి పిందె పడుతున్న వేళ చిన్నబాపు నాగలి కట్టి, తన రాయి నుంచి తిన్నగా, ఆ తీగల మీదుగా సాలు తీశాడు. నేను సద్ది తీసుకుని పోయేసరికి బాపు ముల్లుగర్ర పట్టుకుని పరిగెత్తుతున్నాడు, చిన్నబాపు నాగలి వదిలి పార ఎత్తాడు. లారీ మరమ్మతులో ఉండి అన్న ఆ రోజు ఇంటిపట్టునే ఉన్నాడు. ఉత్త చేతులతో నడుమ దూరి, "చిన్నబాపూ, ఆగు జర... ఆగుమంటున్న గదా" అని ఆయన భుజాలు పట్టుకున్నాడు. బాపు కోసం లేచిన పార అన్న తల మీద దిగింది. కత్తిపీట మీద సొరకాయ పగిలిన చప్పుడు. చెవి సగం తెగి వేలాడింది. అన్న మోకాళ్ళ మీద కూలి, ఏదో వస్తువు పడిపోయినట్టు మట్టిలో చేత్తో వెతికాడు. నల్లమట్టిలో రక్తం ఎర్రగా కనబడదు, తడిగా మాత్రమే కనబడుతుంది. నేను ఆ తడిలో నిలబడి అరుస్తూనే ఉన్నాను.

అన్నను జీపులో వరంగల్ పెద్దదవాఖానకు తీసుకుపోయారు. బతికాడు. ఎడమచెయ్యి మాత్రం మళ్ళీ స్టీరింగ్ పట్టలేదు. పోలీసుల దాకా వద్దని పెద్దమనుషులు ఆపారు. పంచాయితీలో చూపించడానికని చిన్నబాపు పారను మా వాకిట్లో పెట్టారు, రక్తం ఎండి ఉన్నది ఉన్నట్టు. పంచాయితీ ఎవరికి కావాలి? బాపు ముల్లుగర్రను పక్కన పెట్టి గొడ్డలి నూరడం మొదలుపెట్టాడు. "దోసకాయ ఇంటికొచ్చిన దినమే వాని తలకాయ సుత ఇంటికొస్తది" అనేవాడు, అన్నం కలుపుకుంటూ. ఆ పక్క చిన్నబాపు, నా ఈడువాడైన మల్లేశం చేతికి కొడవలి ఇచ్చి ఆ ముక్క దగ్గర కాపలా పెట్టాడు.

దవాఖాన నుంచి మా అన్న రక్తపు చొక్కా తెచ్చి వదినె బండ మీద ఉతుకుతూ కూర్చుంది. నీళ్ళు ఎర్రబడి, తేటపడి, మళ్ళీ ఎర్రబడుతున్నాయి. అప్పుడు చెప్పింది. "ఉప్పెనలో మా అమ్మ పోయింది, తమ్ముడు పోయాడు. వాళ్ళని సముద్రం తీసుకుంది, దాంతో ఏం పోట్లాడతాం? నాన్నా నేనూ తాడిచెట్టు కావలించుకుని బతికాం. నీళ్ళు తీశాక చూస్తే మొగ దగ్గర కొత్త తిప్ప లేచింది. పడవ కట్టాలన్నా, చేపలు ఎండేయాలన్నా తిప్పే కదా. ఎవడు ముందు గెడ పాతితే వాడిది. మా నాన్న పాతాడు. మా బాబాయి ఆ గెడే పీకి మా నాన్నని కొట్టాడు. ఊళ్ళో శవాలు ఇంకా తియ్యలేదే పిల్లా. అన్ని శవాల్లో మా నాన్న ఒకటి. సముద్రం చంపిందని రాసుకుపోయారు." చొక్కా పిండింది. "సముద్రం చంపలా. తిప్ప చంపింది. మీ అన్నయ్య మంచంలోంచి ఏమంటున్నాడో తెలుసా? లేవనీ, చిన్నబాపుని వదలనంటున్నాడు. ఆయన్ని కూడా నేను అట్టా పోగొట్టుకోవాలా?"

ఆ ముక్కలో దోసకాయలు పసుపు తిరుగుతున్నాయి. కోతకు ఇంక ఎన్నో రోజులు లేవు.

మా చెరువుకు పైన ఇంకో చెరువుంది. అది నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు కాలువ వెంబడి మా చెరువులోకి దిగుతాయి. శిఖం పంట ఇంటికొచ్చేదాకా ఆ కాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్ళను వాగులోకి మళ్ళిస్తారు. ఆ కట్ట మీద చెయ్యి వేస్తే చెయ్యి నరుకుతామనేవారు. ఆ ఏడు మిరుగు కార్తె రాకముందే పైన కుండపోత కురిసి ఆ చెరువు మత్తడి దూకింది. తెల్లవారి వాకిలి ఊడ్చిన వదినె చీపురు పక్కన పెట్టి, చిన్నబాపు పార భుజాన వేసుకుని నడిచింది. అన్న తల పగలగొట్టిన పార! నేను వెనకే పరిగెత్తాను. కట్ట దగ్గర చీర ఎగదోపి ఆమె ఒక్కతే తవ్వింది. పెదవి కొరుక్కుంటూ, సముద్రాన్నో, బాబాయినో, ఎవరినో తిడుతూ తవ్వింది. మొదట చేతివెడల్పున పారిన నీరు కాసేపట్లో కట్టను తనే విరుచుకుని దూకింది. ఆ హోరుకు నేను చెవులు మూసుకున్నాను. ఆమె మాత్రం పార నేలకు ఆనించి, నీళ్ళు పోయే దిక్కుకే చూస్తూ నిలబడింది. నీళ్ళకు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న మనిషి చేతులారా నీళ్ళను పిలిచింది.

మధ్యాహ్నానికి మూడుమూలల ముక్క లేదు. తీగలు తేలుతున్నాయి, దోసకాయలు తేలుతున్నాయి. బాపు ఈ రాయి దగ్గర, చిన్నబాపు ఆ రాయి దగ్గర గొడ్డళ్ళతో నిలబడ్డారు. మధ్యన నీళ్ళు. బాపు గొడ్డలి పారేసి ఇంటికొచ్చి ముల్లుగర్ర తీశాడు. వదినె వాకిట్లోనే ఉంది, పారిపోలేదు. వీపు మీద పడ్డ మొదటి దెబ్బకే రవిక చినిగింది. గర్ర కొసన ఉన్న ఇనుపముల్లు చర్మాన్ని గీరుకుంటూ పోయింది. "కొట్టు మావయ్యా" అంది ఆమె. "నువ్వూ నీ తమ్ముడూ కొట్టుకోవడానికి ఇంక నేల లేదుగా. నన్నే కొట్టు." బాపు కొట్టాడు. నేను ఎగిరి ఆయన మణికట్టును పళ్ళతో పట్టుకున్నాను, నోట్లో ఆయన రక్తం ఉప్పగా తగిలేదాకా వదలలేదు. తన్నిన తన్నుకు గోడ దగ్గర పడ్డాను. అప్పుడు లోపలి నుంచి అవ్వ వచ్చింది, చేతిలో తెడ్డుతోనే. బాపు చేతిలోంచి గర్ర లాగి మోకాలికేసి విరిచింది. "సాలిగ. మళ్ళ నాంచారిని ముట్టినవంటే నీ గటకల ఇసం కలుపుత" అంది. అవ్వ గొంతు అంత గట్టిగా ఉంటుందని మాకెవరికీ తెలియదు. బాపుకు కూడా తెలియదనుకుంటా, అలాగే నిలబడిపోయాడు. అవ్వ వదినెను కూర్చోబెట్టి పసుపూ ఆముదమూ రాస్తూ, "నాంచారీ, ఓర్సుకో బిడ్డా" అంటూ ఏడ్చింది. గర్రకు రాసే ఆముదమే అది.

అన్నదమ్ములు కలిసిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. చచ్చేదాకా మాట్లాడుకోలేదు. కాని మరుసటి ఎండాకాలం ఆ ముక్క తేలినప్పుడు నాగళ్ళు రెండూ దాని అంచుకు వచ్చి ఆగాయి. పార పట్టుకుని వదినె కాలువ గట్టు మీద కూర్చుని ఉంది మరి. ఎవరో వేళాకోళానికి, "ఏంటండీ, ఇదెవలదండీ?" అన్నారు. "ఇది పర్ర" అంది. నవ్వారు. నవ్వుతూనే ఆ మాట పట్టుకున్నారు. సముద్రం ఆనవాలు కూడా లేని మా ఊళ్ళో నాంచారి పర్ర అని ఒక చోటు ఏర్పడింది. గొర్లు మేపేవాళ్ళు అదే అంటారు, చేపలు పట్టేవాళ్ళు అదే అంటారు.

ఇప్పుడు కాలువల నీళ్ళు వచ్చి చెరువు ఏడాది పొడుగునా నిండే ఉంటోంది. శిఖం తేలడమే లేదు. అయితే ఏం, మొరం మట్టి పోసి తేలుస్తున్నారు. ఈ పక్క నుంచి శ్రీను, ఆ పక్క నుంచి మల్లేశం, టిప్పర్లతో మొరం దింపి పర్రను ఎత్తు చేసుకుంటూ వస్తున్నారు, ప్లాట్లు కొట్టి అమ్మడానికి. మా పెద్దవాళ్ళు మంచివాళ్ళని నేననను, వాళ్ళ గర్ర మచ్చలు నా కళ్ళారా చూశాను. కాని వాళ్ళు నీళ్ళు వస్తే వెనక్కి జరిగేవారు. వీళ్ళకు చెరువంటే ఇంకా మొరం పడని జాగా. వదినె మంచంలో ఉండి ఆ టిప్పర్ల చప్పుడు విన్నది. నా చెయ్యి పట్టుకుని, "తిప్ప లేపుతున్నారా పిల్లా?" అని అడిగింది. నేను లేదన్నాను. ఆమె నమ్మలేదు.

ఊరికి పోయి శ్రీనును ఎదురుగా కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. వాడు కట్టు కట్టిన చేతికేసి చూసుకుంటూ, "మరి నాకెందుకు చెప్పలే అమ్మ?" అన్నాడు. "నువ్వు గిట్ల తయారైతవని ఎరుకలేక" అన్నాను. కారు వద్దని, వదినె బొక్కలున్న కుండ వాడి చేతికిచ్చి చెరువుకు నడిపించాను. అక్కడ మల్లేశం ఉండనే ఉన్నాడు, తెల్లబడ్డ జుట్టుతో, జేసీబీ పక్కన. దెబ్బలాటకే వచ్చామనుకుని అతని మనుషులు లేచారు. నేను చీర ఎగదోపి, రెండు మొరం కుప్పలకూ నడుమ మిగిలిన నీళ్ళలోకి దిగాను. శ్రీను వెనకే దిగాడు.

"అక్కా, ఏం జేస్తున్నవ్ ఆడ?" అన్నాడు మల్లేశం.

"వదినెను కలుపుతున్న."

కుండ వంచాడు శ్రీను. బూడిద తేలింది, బొక్కలు మునిగాయి. నా నోరు నా మాట వినలేదు. "ఇగ పొయ్యుండ్రి! ఇద్దరు పొయ్యుండ్రి మొరం. ఎవలు ముందుగాల ఆమె మీద పోస్తరో నేను సూస్త. అల్లుడూ, నువ్వు పోస్తవా? తమ్మీ, నువ్వా? కొడవలి పట్టుకుని కాపలా ఉన్నవు గదా ఈడనే, యాదికున్నదా?"

జేసీబీ నడిపే పిల్లవాడు ఇంజన్ ఆపి దిగి చెప్పులు విడిచాడు. మల్లేశం అంగీ విప్పి గట్టున పెట్టి నీళ్ళలోకి దిగాడు. పాలివాడు కదా, మైల అతనికీ ఉంది, స్నానం చేయాలి. పగతో చావుకే రాని మనిషి ఆ కుప్ప అవతల మూడు మునకలు వేశాడు. ఇవతల శ్రీను మునిగాడు. ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకోమని నేనూ అనలేదు.

శ్రీను తల తుడుచుకుంటూ అడిగాడు. "అత్తా, పర్ర పర్ర అంటరు గదా. పర్ర అంటె ఏంది?"

"ఎవ్వలది గాదు అని. నీళ్ళది అని."

మల్లేశం కూడా విన్నాడు.